ఇంటికొక పెట్టెగా రాసుకున్న నర్సమ్మ గారు

నర్సమ్మ గారు పోయారన్న సంగతి నాకు రెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. గుడివాడలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో అడ్మిషన్ కాగితాలు సర్దుకుంటుంటే, బందరు నుంచి ఒకప్పటి నా విద్యార్థిని ఫోన్ చేసింది. "మేడమ్, మీకు తెలిసే ఉంటుంది కదా, నర్సమ్మ గారు మొన్న పొద్దున పోయారంట" అంది. తెలియదని చెప్పడానికి సిగ్గేసి "ఊ" అన్నాను. ఆమె ఇంట్లోవాళ్ళు నాకు కబురు చేయలేదని అనుకోవడానికి నాకు మొహం లేదు. చివరి నాలుగేళ్ళలో నేను ఆ గడప తొక్కలేదు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నాలుగు వరుసలు వచ్చాయి. విశ్రాంత ఆరోగ్య కార్యకర్త, దివిసీమ ఉప్పెన బాధిత కుటుంబాల జ్ఞాపకాలను కంప్యూటర్లో భద్రపరిచిన సేవామూర్తి, అని. ఒక ట్రస్టువారు ప్రగాఢ సంతాపం తెలిపారట. ఆ ట్రస్టు ఆమెకు ఏం చేసిందో, అందులో నా పాలు ఎంతో ఆ నాలుగు వరుసల్లో లేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు కొన్ని రాయను. ఆమె ఉంటే అదే అడిగేవారు. ఇందులో ఒక కూతురు వస్తుంది. ఆమెను అడిగి, ఆమె రాయమన్నంత మేరకే రాస్తున్నాను.

అప్పట్లో బందరు కోనేరు సెంటర్ దగ్గర, ఒక మేడ మీద నాకు కంప్యూటర్ సెంటర్ ఉండేది. డిగ్రీ పిల్లలకు టైపింగు, ఆఫీసు పనులు నేర్పేదాన్ని. ఒక వేసవి పొద్దున నీలం అంచు తెల్ల చీర కట్టుకున్న ఒకావిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ మెట్లెక్కి వచ్చారు. భుజాన గుడ్డసంచి, సంచి నిండా పొడుగు నోటుపుస్తకాలు. నా సెంటర్‌కి వచ్చినవాళ్ళందరూ మొదట అడిగేది ఉద్యోగం వస్తుందా అని. ఆవిడ కుర్చీలో కూర్చుని, ఆయాసం తీర్చుకుని అడిగారు: "అమ్మాయ్, ఇందులో రాసుకుంటే ఇంకెవరూ చదవకుండా ఉంటుందా?"

ఉంటుందని చెప్పాను. అంత తేలిగ్గా చెప్పాను.

ఆవిడ అప్పుడే రిటైరయ్యారు. ఇరవై రెండేళ్ళ వయసులో దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పాలెంలో ఆమెకు మొదటి పోస్టింగు. చేరిన కొద్ది నెలలకే ఉప్పెన వచ్చింది. ఆ రోజు ఏదో మీటింగు ఉందని అవనిగడ్డ వెళ్ళబట్టి తాను బతికానని చెప్పేవారు. తిరిగి వెళ్ళేసరికి, పేరు పేరునా తాను ఎరిగిన ఊరు అక్కడ లేదు. ఆ తర్వాత బదిలీలు వచ్చినా రద్దు చేయించుకుని, ఉద్యోగమంతా ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే చేశారు. సూదిమందు వేయించుకుంటూ, పురుడు పోయించుకుంటూ, జనం ఆమెకు చెప్పుకున్నారు. పోయినవాళ్ళ సంగతులూ, ఉన్నవాళ్ళ సంగతులూ. ఆమె ఇంటికొచ్చి అన్నీ రాసుకున్నారు. ఎందుకు రాశారండీ అని నేను ఒకసారి అడిగాను.

"ఎంతమంది పోయారో గవర్నమెంటు రాసింది. ఎవరు పోయారో కూడా ఎవరో ఒకరు రాయాలి కదమ్మా" అన్నారు.

ముందు నేను ఆమెకు స్ప్రెడ్‌షీట్ చూపించాను. కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశారు. "ముప్పయ్యేళ్ళకి పైగా గళ్ళే నింపాను తల్లీ. గడిలో పట్టని మాట ఎక్కడ రాయాలో మాకు ఎవరూ చెప్పలేదు" అన్నారు. అప్పుడు నేను నా సొంత నోట్సు రాసుకునే ఒక చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచాను. తెర మీద ఎడమవైపు శీర్షికలు, వాటి కింద మరిన్ని శీర్షికలు కొమ్మల్లా విడిపోతూ ఉంటాయి. దేని మీద నొక్కితే దాని గురించి రాసుకోవడానికి కుడివైపు తెల్లకాగితం లాంటి చోటు వస్తుంది. ఒకే రకం వివరాలు మళ్ళీ మళ్ళీ రాయాల్సి వస్తే ఒక టెంప్లేట్ తయారు చేసి పెట్టుకోవచ్చు. కొత్త మనిషి గురించి మొదలుపెట్టినప్పుడల్లా ఆ ప్రశ్నలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. రాసిందంతా ఒక డేటాబేస్‌గా ఒక ఫైల్లో దాగుతుంది. కావాలంటే ఎన్ని డేటాబేసులైనా విడివిడిగా పెట్టుకుని, దేనికి దానికి పాస్‌వర్డ్ తాళం వేసుకోవచ్చు.

ఆవిడ పెడనలో కలంకారీ అద్దకం చేసే ఇంట్లో పుట్టిన మనిషి. టెంప్లేట్ అనగానే "అచ్చన్నమాట" అన్నారు. డేటాబేస్‌ని "పెట్టె" అన్నారు. ఆ రెండు మాటలతోనే చివరిదాకా పని జరుపుకున్నారు.

మొదటి అచ్చు నేనే తయారు చేసి ఇచ్చాను. పేరు, వయసు, తండ్రి పేరు, ఊరు, శవం దొరికిందా లేదా. ఆవిడ చదివి, "ఇది పోస్టుమార్టం కాగితంలా ఉందమ్మా" అని, వారం రోజులు టైము తీసుకుని తన అచ్చు తాను రాసుకొచ్చారు. ఇంట్లో ఏమని పిలిచేవారు. ఆ సాయంత్రం ఎక్కడున్నారు. ఇప్పటికీ వాళ్ళ కోసం అడిగేది ఎవరు. ఈ సంగతి నాకు చెప్పింది ఎవరు. చివరి వరుస: ఈ సంగతి ఎవరికి చెప్పకూడదు.

ఒక మనిషి గురించి రాయడం అయిపోయాక, అవసరం పడని ప్రశ్నలను ఆవిడ చెరిపేసేవారు. ఖాళీగా వదిలేస్తే తర్వాత నింపుకోవచ్చు కదండీ అంటే వినలేదు. "ఖాళీ ఉంటే వాళ్ళు చెప్పలేదనుకుంటారు. నేను అడగలేదని ఎక్కడుంటుంది?" అన్నారు. సాఫ్ట్‌వేర్ గురించి పదేళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఆ తేడా ఎప్పుడూ తట్టలేదు.

పెట్టెల దగ్గర మా ఇద్దరికీ వాదన జరిగింది. అన్నీ ఒకే డేటాబేస్‌లో పెట్టుకుంటే ఒక్కసారి వెతికితే చాలు, ఏ మాట ఎక్కడుందో క్షణంలో దొరుకుతుంది, అదే కంప్యూటర్ గొప్పతనం అని నేను. ఆవిడ మాత్రం ఒక్కో కుటుంబానికి ఒక్కో పెట్టె చేశారు. ఇల్లు ఒకటి, ఇల్లు రెండు, అలా నలభై దాకా. ఒక పెట్టె మూసేశాక వెంటనే ఇంకోటి తెరిచేవారు కాదు. లేచి కిటికీ దాకా వెళ్ళి, కింద వెళ్ళే ఆటోలను కాసేపు చూసి, వచ్చి కూర్చునేవారు.

"ఒక ఇంట్లో పురుడు పోసి ఇంకో ఇంటికి వెళ్ళేముందు చేతులు మోచేతుల దాకా కడుక్కునేదాన్ని. కాళ్ళు కూడా. ఇదీ అంతేనమ్మా. ఒక ఇంట్లో అంటింది ఇంకో ఇంటికి మోసుకెళ్ళకూడదు" అన్నారు.

మా అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు, పిలవకుండానే వచ్చింది ఆవిడే. మంచంలో మనిషిని పక్కకు ఎలా తిప్పాలో, వీపు మీద పుండ్లు పడకుండా ఏం చేయాలో దగ్గరుండి నేర్పారు. అమ్మ కోసం ఒక పెట్టె, దానికి ఒక అచ్చు తానే చేసిపెట్టారు. మందులు, ఎన్నింటికి వేశాం అన్నవాటి కింద ఒక వరుస ఉంది: ఇవాళ అమ్మ ఏం అడిగింది. నేను రోజూ రాశాను. అమ్మ పోయాక నా దగ్గర మిగిలింది అదే. పదకొండు నెలల పాటు అమ్మ ఏ రోజు ఏం అడిగిందో నాకు తెలుసు. దానికి తాళం పెట్టుకోమని, ఆ తాళం తనకు చెప్పొద్దని అన్నారు. "అది నీ ఇల్లు. నాకేం పని అందులో" అన్నారు. అలాంటి మనిషికి నేను చేసిన పని ఇక ముందు చెప్తాను.

ఒకసారి నన్ను తనతో పాలేలకు తీసుకెళ్ళారు. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఆవిడ ఏడో ఇల్లు అని రాసుకున్న ఇంట్లో ఒక పెద్దామె ఎండుచేపలు బుట్టకెత్తుతూ మమ్మల్ని చూసి లేచింది. ఉప్పెనలో చంటి కొడుకును పోగొట్టుకున్న మనిషి. కూతురు ఒక్కతే. "మా అమ్మాయి గూడూరులో అంగన్‌వాడీ టీచరండీ. రోజూ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడక్కపోతే దానికి తోచదు" అని నాకు రెండుసార్లు చెప్పింది. అక్కణ్ణుంచి బయల్దేరేముందు నర్సమ్మ గారు బోరింగు దగ్గర చేతులూ కాళ్ళూ కడుక్కున్నారు. ఆ రోజు సూదిమందు లేదు, పురుడు లేదు. అలవాటనుకున్నాను. తర్వాత వెళ్ళింది మైలు దూరంలో ఇంకో పాలెంలో, ముప్పై ఒకటో ఇంటికి. రొయ్యల వ్యాపారం చేసే ఒకాయన. ఉప్పెనలో అన్నా వదినా, వాళ్ళ నెలల పిల్లా పోయారు. ఆయన తల్లి మాత్రం ఆ పసిదాని కోసం బతికినంత కాలం అడిగిందని, గోడ మీద ఆమె ఫోటో చూపించాడు. నర్సమ్మ గారు ఆ ఫోటో వైపు చూడలేదు. అది నాకు గుర్తుంది. అప్పుడు అర్థం కాలేదు.

ట్రస్టువాళ్ళు వచ్చింది ఆ తర్వాత కొన్నేళ్ళకు. ఉప్పెన సంస్మరణ కోసం అవనిగడ్డలో ఒక ప్రదర్శన పెడుతున్నామని, జనం వచ్చి తమవాళ్ళ పేర్లు కంప్యూటర్లో వెతుక్కునేలా ఏర్పాటు చేస్తామని అన్నారు. నర్సమ్మ గారి సంగతి వాళ్ళకు చెప్పింది నేనే. గొప్పగా చెప్పాను. ఆవిడకు ఇష్టం లేదు. చివరికి, పోయినవాళ్ళ పేరు, ఇంట్లో పిలిచే పేరు, ఈ రెండు వరుసలు మాత్రం ఇస్తానన్నారు. సరిగ్గా అప్పుడే ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. తెర వైపు చూడకూడదని డాక్టరు చెప్పారు. మంచం మీద కళ్ళకు పచ్చ గుడ్డ కట్టుకుని కూర్చుని, పెట్టెల తాళాలన్నీ ఒక్కోటే నాకు నోటితో చెప్పారు. నేను రాసుకున్నాను.

"రెండు వరుసలే తియ్యమ్మా. మిగతాది చదవకు" అన్నారు.

"సరేనండీ" అన్నాను.

నేను చదవలేదు. ఆ మాట మాత్రం నిజం. చదివి ఉంటే బాగుండేది. నలభై పెట్టెలు ఒక్కోటే తెరిచి, ఒక్కో మనిషి దగ్గరా రెండేసి వరుసలు తీయడానికి పది రోజులు పడుతుంది. ట్రస్టువాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. వాళ్ళ టెంప్లేట్ పంపారు, అన్నీ అందులోకి మార్చి ఒకే డేటాబేస్‌గా ఇవ్వమన్నారు. అన్ని పెట్టెలనూ ఒక్కసారిగా కలిపేసే పద్ధతి నాకు తెలుసు. కలిపేసి, తర్వాత అక్కర్లేనివి చెరిపేద్దామనుకున్నాను. కలిపాను. వాళ్ళ అచ్చులో చోటు లేని వరుసలన్నీ 'ఇతర వివరాలు' అనే ఒక వరుసలోకి వెళ్ళి పడ్డాయి. ఎవరికి చెప్పకూడదు అన్నదానితో సహా. చెరపాల్సిన రోజు సెంటర్లో డిగ్రీ పిల్లలకు పరీక్ష పెట్టే పని వచ్చింది. ప్రదర్శనలో పేర్లే కదా చూపిస్తారు అనుకుని ఫైలు అలాగే పంపేశాను. సాంకేతిక సహకారం అని నా పేరు వేస్తామన్నారు. ఆ ముక్క కూడా దాచకుండా చెప్పాలి. గోడ మీద నా పేరు చూసుకోవాలని నాకు ఉండింది.

ప్రదర్శన రోజు హాల్లో మూడు కంప్యూటర్లు పెట్టారు. నేను ఒకదాని దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకు వెతికి పెడుతున్నాను. తెర మీద అన్ని వరుసలూ కనిపిస్తున్నాయని గమనించాను. గమనించి కూడా, సాయంత్రం చెప్పి తీయిద్దాంలే అనుకున్నాను. మధ్యాహ్నం ఒకామె భర్తతో వచ్చింది. నలభై దాటి ఉంటాయి. ఉప్పెనలో పోయిన తన అన్న పేరు చూడాలంది. తల్లి పేరు చెప్పింది. నేనే టైపు చేశాను. ఏడో ఇల్లు వచ్చింది.

ఆమె ముందుకు వంగి చదువుకుంది. చాలాసేపు చదివింది. నేను పక్కవాళ్ళతో మాట్లాడుతున్నాను.

"ఏవండీ, ఇందులో 'ఈ సంగతి పాపకి చెప్పకూడదు' అని ఉంది. పాపంటే ఎవరండీ?" అంది.

నేను తెర వైపు తిరిగాను. కొడుకు పోయిన తల్లికి శిబిరంలో పాలు పొంగుతుంటే, ఎవరూ లేని ఒక నెలల పిల్లను నర్సమ్మ గారే తెచ్చి ఒళ్ళో పెట్టిన సంగతి అక్కడ రాసి ఉంది. కుడికాలి చివరి రెండు వేళ్ళూ కలిసిపోయి పుట్టిన ఆడపిల్ల అని ఉంది.

"నాకు తెలియదండీ" అన్నాను. అప్పటికి తెలిసింది. అయినా అలాగే అన్నాను.

"ఈ కాలివేళ్ళ సంగతి ఇంకెక్కడన్నా రాశారేమో చూడండి" అంది. గొంతు మామూలుగానే ఉంది. ఆమె భర్త "పద, పోదాం" అన్నాడు. "చూడండి" అని మళ్ళీ నాతోనే అంది.

తెర మూసేయొచ్చు. కరెంటు పోయిందని చెప్పొచ్చు. నా చేతులు అలవాటు ప్రకారం ఆ మాట టైపు చేసేశాయి. రెండు వచ్చాయి. ఒకటి ఏడో ఇల్లు. ఇంకోటి ముప్పై ఒకటో ఇల్లు: కొట్టుకుపోయిందనుకుంటున్న ఆడపిల్ల, ఏడు నెలలు, కుడికాలి చివరి రెండు వేళ్ళూ కలిసి ఉంటాయి, ఇప్పటికీ అడిగేది నాయనమ్మ. ఆ రెండు ఇళ్ళ మధ్యా అన్నేళ్ళు ఆవిడ పెట్టిన ఎడం అంతా ఒకే తెర మీద, ఒకదాని కింద ఒకటిగా ఉంది.

ఆమె చెప్పు విడిచి, తన కాలి వైపు ఒకసారి చూసుకుంది. మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయింది.

ట్రస్టువాళ్ళు ఆ వరుసను మర్నాడు తీసేశారు. చిన్న పొరపాటండీ, సరిచేశాం అన్నారు నాతో. గోడ మీద నా పేరు అలాగే ఉంది.

వారం తిరక్కుండా ఆ తల్లి బందరు వచ్చింది. నేను కంటి చుక్కల మందు పట్టుకుని నర్సమ్మ గారి ఇంటికి వెళ్ళేసరికి, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది.

"దాన్ని నా కడుపున పుట్టలేదని ఎప్పుడన్నా చూశానామ్మా?" అంటోంది. "నా దగ్గరికొచ్చి, నువ్వెవరివి అనింది. ఫోను కూడా ఎత్తట్లా. మీరూ నేనూ మా ఆయనా, ముగ్గురవే గదమ్మా తెలిసింది. ఆయనా పోయాడు. ఎట్టా బయటపడిందమ్మా ఇది?"

నర్సమ్మ గారు తల ఎత్తారు. గుమ్మంలో నిలబడ్డ నా మీదికి ఆ చూపు వచ్చింది. కళ్ళజోడు లేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను కనిపించానో లేదో అనుకున్నాను.

"నేను రాశానమ్మా. రాయకుండా ఉండాల్సింది" అన్నారు.

నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ మందు సీసా కిటికీలో పెట్టేసి వచ్చేశాను.

కళ్ళు నయమయ్యాక ఆవిడ నన్ను పిలిపించి, ఏ ఇంటిది ఆ ఇంటికి విడిగా ప్రింటు తీయమన్నారు. తీశాను. ఒక్కోదాన్నీ దారంతో కుట్టారు. కుట్టిన తర్వాత కంప్యూటర్లో ఆ పెట్టెను నా చేత చెరిపించారు. అలా ఒక్కోటీ. తర్వాత రెండు నెలల పాటు, ఆ మోకాళ్ళతో, బస్సులెక్కి ఇల్లిల్లూ తిరిగి ఎవరిది వాళ్ళకు ఇచ్చేశారు. నేను వెంట వెళ్ళాను. కొందరు కళ్ళకద్దుకుని తీసుకున్నారు. ఒకాయన మా ఎదురుగానే పొయ్యిలో పెట్టాడు. చదవడం రానివాళ్ళు, మా మనవరాలి చేత చదివిస్తామండీ అంటే, "చదివించేముందు ఒకసారి ఆలోచించుకోండి" అని చెప్పేవారు.

ముప్పై ఒకటో ఇంట్లో ఆ రొయ్యల వ్యాపారి కాగితాలు తీసుకోలేదు. అప్పటికే ఆయనకు అన్నీ తెలిశాయి.

"మా అమ్మ మీ చేత సూది వేయించుకుంటా కూడా అడిగింది నర్సమ్మ గారూ. ఎక్కడన్నా ఉందేమో, మీరు నాలుగూళ్ళు తిరుగుతారు, చూడమని. మీరు చూస్తానన్నారు. నేను పక్కనే ఉన్నా" అన్నాడు.

"అవును బాబూ" అన్నారు ఆవిడ.

"మైలు దూరంలో ఉంది."

"అవును."

ఆయన మమ్మల్ని మంచినీళ్ళు తాగమని కూడా అనలేదు.

గూడూరులో కూతురు కాగితాలు తీసుకుంది. నిలబడే తీసుకుంది. "నా గురించి ఇన్నేళ్ళూ మీ దగ్గర కాగితం ఉంది. నా దగ్గర లేదు. అదెట్టా న్యాయమో మీరే చెప్పండి" అంది. ఆవిడ చేతులు జోడించారు. అంత పెద్ద మనిషి చేతులు జోడిస్తే ఆ కూతురు మొహం తిప్పుకుంది.

తిరుగు బస్సులో నాకు ఉండబట్టలేదు. "నేనేనండీ. రెండు వరుసలు తీయలేదు. అన్నీ కలిపేసి ఇచ్చాను" అన్నాను.

"తెలుసమ్మా. తాళాలు నీకొక్కదానికేగా చెప్పాను" అన్నారు. కాసేపటికి, "ఆ రోజు గుమ్మంలో నిన్ను చూశాను. చెప్తావేమో అనుకున్నాను" అన్నారు.

బస్సు గూడూరు దాటింది. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, నాతో కాదు, తనతోనే అనుకుంటున్నట్టు అన్నారు. "నువ్వు చేసింది బద్ధకం. నేను చేసింది అది కాదు. ఒక ఇంటికి బిడ్డని ఇచ్చాననుకున్నాను. ఇంకో ఇంట్లోంచి తీసుకున్నానని తెలిసి కూడా, రెండు పెట్టెలు చేసి వేరు వేరుగా పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాను."

తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. పిలవనూ లేదు. నా సెంటర్ మూతపడింది, గుడివాడలో ఉద్యోగం దొరికింది, వెళ్ళిపోయాను. పండక్కి ఫోన్ చేస్తే, "బాగున్నావామ్మా, ఒళ్ళు జాగ్రత్త" అని పెట్టేసేవారు. ఎదురుపడలేక వెళ్ళలేదు నేను. వారం వారం వెళ్ళి కూర్చుని ఉండొచ్చు. ఏమీ మాట్లాడకుండానైనా కూర్చోవచ్చు. పాసింజరు రైలెక్కితే గుడివాడ నుంచి బందరు ఎంతసేపు.

పెద్దకర్మ రోజు వెళ్ళాను. వీధి గుమ్మం పక్కన ట్రస్టువాళ్ళ ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆమె ఫోటో, ఆమెకంటే పెద్ద అక్షరాల్లో వాళ్ళ పేరు. ఆమె తమ్ముడు గారు నన్ను చూసి, "చూశావామ్మా, అక్కయ్యకి ఎంత గౌరవం చేశారో" అన్నారు. ఆయనకు ఏమీ తెలియదు. ఆవిడ ఇంట్లో కూడా చెప్పలేదు. నేను బాగుందండీ అన్నాను. ఇంకోసారి నోరు మూసుకున్నాను.

ఆ తల్లి వచ్చింది. చాలా వంగిపోయింది. కాసేపటికి కూతురూ వచ్చింది, ఒక్కతే, వేరే ఆటోలో. ఆమె ఇప్పుడు ఆ రొయ్యల వ్యాపారం చేసే బాబాయి ఇంటికి అప్పుడప్పుడూ వెళ్తోందని, తల్లి దగ్గరికి మాత్రం నెలకోసారి మందులు ఇచ్చి వచ్చేస్తుందని, కూర్చోదని, విన్నాను. భోజనాల దగ్గర ఇద్దరూ వేర్వేరు వరుసల్లో కూర్చున్నారు. నేను కూతురి దగ్గరికి వెళ్ళి నేనెవరో చెప్పాను. ఏం జరిగిందో చెప్పాను. అన్నీ చెప్పాను. ఆమె విని, "అనుకున్నా" అంది. ఇదంతా రాయొచ్చా అని అడిగాను. విస్తట్లో చేయి కడిగేసుకుని, "రాయండి. కానీ నేను చూశాక వెయ్యండి. ఈసారన్నా" అంది.

భోజనాలయ్యాక వాన పట్టుకుంది. ఆ పెద్దామె బస్టాండుకు వెళ్ళడానికి చెంగు తల మీద వేసుకుని వీధిలోకి దిగింది. కూతురు అరుగు మీద నిలబడి కాసేపు చూసింది. తర్వాత సంచిలోంచి గొడుగు తీసి, విప్పి, వెనకనుంచి వెళ్ళి తల్లి మీద పట్టింది. పెద్దామె ఆగింది. తల తిప్పలేదు. మళ్ళీ నడిచింది. ఇద్దరూ వీధి చివరిదాకా అలాగే వెళ్ళారు. తల్లి గొడుగు కింద, కూతురు చేయి చాచినంత దూరంలో గొడుగు బయట, తడుస్తూ.